కాళ్లు కొరికే చేపపిల్లలు

మా చిన్నప్పుడు... మా ఊరి కాగ్నా వాగు నీళ్లు మంచివో కావో తేల్చేవి మా కాళ్లే.

తెల్లవారగానే బిందె తీసుకుని వాగులోకి దిగాలి. మోకాలిలోతులో కదలకుండా నిలబడాలి. చేపపిల్లలు వచ్చి వేళ్లు కొరికితే, ఆ పక్కనే ఇసుకలో చెలిమ తోడి, ఊరిన నీళ్లు ముంచుకోవాలి. కొరకకపోతే పైన ఏదో కలిసిందని అర్థం... ఇంకా ఎగువకు పోవాలి. మా అమ్మ పెట్టిన కట్టడి ఇది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒక చలి పొద్దున వాగుదాకా పోబుద్ధి కాలేదు. దారిలో బండల గని పక్కనున్న బావిలోనే బిందె ముంచుకుని వచ్చేశాను.

"కొరికినయా?" అని అడిగింది అమ్మ.

"ఓ... మస్తు గిలిగింతలు వెట్టినయ్!" అన్నాను.

ఆ నీళ్లతోనే కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. వాగు నీళ్లలో వెన్నలా ఉడికే పప్పు... రెండుసార్లు కట్టెలు ఎగదోసినా పలుకు పలుకుగానే ఉంది. సున్నపురాతి బావి నీళ్లలో పప్పు ఉడకదని నాకు తెలియదు. అమ్మకు తెలుసు. గరిటెతో నాలుగు పలుకులు తీసి నా ముందు పెట్టింది.

"చూసినవా... చూసిన అన్నవా?"

కొట్టలేదు. ఆ మాట మాత్రం అరవై ఏళ్లుగా నాతోనే ఉంది. ఆ తర్వాత నా నోటుబుక్కులో పాల లెక్కయినా, వాన లెక్కయినా, కళ్లతో చూడనిది నేను రాయలేదు.

వికారాబాద్‌లో చదువుకుంటున్న మా మనవరాలు శ్రావ్య పోయిన ఆదివారం పొద్దున నన్ను కాగ్నాకు తీసుకుపోయింది. నది ఆరోగ్యం ఎలా ఉందో చూసి కాలేజీ కోసం ఒక ఫారం నింపాలట. దారి పొడుగునా ఈ బావి కథ చెప్పాను... పడీ పడీ నవ్వింది. సీసాల్లో నీళ్లు పట్టింది, రంగు కాగితాలు ముంచింది. చివరి గడి మిగిలింది. చేపలు ఉన్నాయా, లేవా.

"ఆగు బిడ్డా, గది నా పని" అని చీర ఎగదోపి దిగాను.

ఏడుంపావు. కాళ్ల కింద ఇసుక తగల్లేదు... బండలు కోసిన పొడిలాంటి తెల్లటి మెత్తటి బురద. ఏడున్నర... ఏమీ రాలేదు. మోకాళ్లు గుంజుతున్నాయి, అయినా గట్టెక్కలేకపోయాను. ఏడు నలభైకి బొటనవేలికి ఏదో తగిలింది.

"కొరికింది! ఉన్నయని రాయి!" అని అరిచాను.

శ్రావ్య పెన్ను ఎత్తి పట్టుకుంది. "చూసినవా నానమ్మా... చూసిన అంటున్నవా?"

కాలు పైకెత్తాను. వేలికి చుట్టుకుని షాంపూ ప్యాకెట్టు ముక్క.

"లేవని రాయి" అన్నాను. రాసుకుని వెళ్లిపోయింది.

నాకే కుదురు లేదు. ఇంట్లో కూర్చుంటే కాళ్లు అటే లాగుతున్నాయి. నాలుగు రోజులుగా పొద్దున్నే వెళ్లి నిలబడి వస్తున్నాను. నా నోటుబుక్కులో నాలుగు తేదీలు... నాలుగింటి పక్కనా 'లేవు'. రేపు ఇంకా ఎగువకు పోయి చూడాలి.

మీ వాగులో చేపపిల్లలు చివరిసారి మీ కాళ్లు ఎప్పుడు కొరికాయి? కింద రాయండి... ఎవరో చెప్పింది వద్దు. మీ కాళ్లకు తెలిసిందే రాయండి.