జంద్యమా, బియ్యమా

రాఖీ పున్నమి పొద్దున లింబాయత్ మిల్లుల బస్తీలోని మార్కండేయుని గుడి ముందు వలసవచ్చిన పద్మశాలీలు కొత్త జంద్యాల కోసం తోసుకుంటున్నారు. పరమేశ్వర్ తనకొకటి, కొడుక్కొకటి తీసుకుని ఆగాడు. వెనకవాళ్లు "అరే, జల్దీ!" అని కసురుకుంటే ఇంకొకటి కూడా తీసుకుని జేబులో కుక్కుకున్నాడు.

ఆ మూడోది తాత విఠోబ పేరిట. యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గం ఆగితే, పొయ్యి వెలగడం కోసం తెల్లోడి పటాలంలో చేరి బర్మా వైపు పోయాడాయన. అప్పటికి పరమేశ్వర్ తల్లి ఐలమ్మ ఇంకా కడుపులోనే ఉంది. చచ్చాడన్న కబురు రాలేదు. అందుకే పోయినవాళ్లకిచ్చే పెత్రమాస బియ్యం ఆయన పేరిట ఎన్నడూ ఇవ్వలేదు. బతికున్న మగాడికి తెచ్చే జంద్యాన్నే ఏటా తెచ్చి మేకుకు వేసేవారు. ఆయన భార్య రాజవ్వ ఎదురుచూసి ఎదురుచూసి బొట్టుతోనే పోయింది. ఊళ్లో వరసకు మరిదయ్యే సోమలింగం మాత్రం పెళ్లిళ్లలో పదిమంది ముందూ ఐలమ్మను ఆడిపోసుకునేవాడు. "వదినా, మీ నాయిన బర్మాల ఇంకో సంసారం పెట్టిండు. నీకు తమ్ముళ్లున్నరు పో!"

"ఈ పున్నమికల్లా తేల్చుండ్రి. జంద్యమా, బియ్యమా?" అని ఐలమ్మ పట్టుబట్టింది. మనవరాలు రుచిత నెలల తరబడి వెతికి నిన్ననే ఆచూకీ పట్టింది. కానీ ముసలామె గుండె అసలే బలహీనం.

ఇంటికొచ్చి పరమేశ్వర్ మూడో జంద్యాన్ని మేకుకు తగిలించాడు.

"గిట్ల ఎన్ని రోజులు బాపూ?" రుచిత గొంతు తగ్గించింది. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"చుప్. అవ్వకేమన్నయితే నువ్వు జిమ్మేదారా?"

"ఏంది గుసగుస?" మంచం మీద నుంచి ఐలమ్మ గద్దించింది. "మగ్గాల మోతకు చెవులు పోయినయ్ గని కండ్లు పోలే. ఏటా అది మేకుకేసి నా దిక్కు చూస్తుంటివి. గీయేడు చూస్తలేవు."

పరమేశ్వర్ గోడవైపే తిరిగి గట్టిగా చెప్పాడు. "తాత పోయిండవ్వా. లడాయిలనే. ఇంఫాల్ల లడాయిల పోయినోళ్ల రాయి మీద పేరున్నది."

రుచిత మందుల డబ్బా అందుకుంది.

"పారిపోలే గదా?" ఐలమ్మ అడిగింది.

"పారిపోలే నాయనమ్మా. సర్కారోళ్లు ఊరి పేరు రాసిన్రు, రాజవ్వ మొగుడని గూడ రాసుకున్నరు."

ఐలమ్మ మొహం జేవురించింది. "మా అవ్వ పేరు ఎరికే, ఊరు ఎరికే. ఒక్క మాట చెప్పొద్దా?"

యుద్ధం అయ్యాక రాజవ్వ చంటిబిడ్డను చంకనేసుకుని మగ్గాల పనికి షోలాపూర్ పోయింది. కబురు వచ్చి తాళం చూసి తిరిగిపోయిందో, అసలు పంపనే లేదో! బీదవాణ్ని తుపాకీ పట్టమని పిలిచేటప్పుడు మాత్రం ఏ సర్కారుకూ చిరునామా తప్పదు.

ఐలమ్మ లేచి మేకు మీది జంద్యాన్ని తీసి పిడికిట్లో పట్టుకుంది. "పెత్రమాసకు బియ్యం తే. మా అవ్వ పేరు, నాయిన పేరు ఒక్కతాన చెప్పియ్యి. రుచితా, సోమలింగానికి ఫోన్ కలుపు."

"ఇప్పుడా? నీ బీపీ..."

"కలుపుమన్న గదనే!"

"ఏం వదినా, పండుగపూట యాదికొచ్చిన్నా?" అటునుంచి సోమలింగం నవ్వాడు.

ఐలమ్మ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. పిడికిట్లో జంద్యం నలుగుతోంది.

"సోమలింగం," అంది, "నాకు తమ్ముళ్లెవ్వరు లేరయ్యా."