గాలి తీసిన సైకిల్ మీద నందికొండకు

నా చిన్నప్పుడు సైకిల్ సరదా వస్తువు కాదు. ఎద్దులాగే అది కూడా బరువు మోయడానికి పుట్టిందనుకునేవాళ్లం. ఇప్పుడు ఆదివారం పొద్దెక్కేసరికి హాలియాలో మా ఇంటి ముందు నుంచి రంగురంగుల టోపీలు పెట్టుకున్న పిల్లలు వరుసగా నందికొండ వైపు తొక్కుకుంటూ పోతుంటారు. తెలంగాణ వచ్చాక రోడ్డు వెడల్పు చేశారు, అప్పటినుంచి వీళ్లు ఎక్కువయ్యారు. మొన్న ఒక అమ్మాయి నీళ్లకని ఆగి, మా అరుగు మీద కూచుని, నేనెప్పుడైనా నందికొండకు సైకిల్ మీద పోయానా అని అడిగింది. పోయాను, ఒక్కసారి, అదీ వెనక్కి తిరిగి కూచుని, అన్నాను. ఆమె నవ్వింది. అదంతా విడమరిచి చెప్పే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది.

అది హోళీ అయిన మర్నాడు. ఉగాది దాటాక అని మా చెల్లెలు వాదిస్తుంది గానీ, అప్పటికి అది ఉయ్యాలలో ఉంది, దాని సాక్ష్యం చెల్లదు. కాముణ్ణి కాల్చిన బూడిద మా వీధి మొదట్లో ఇంకా చెదరలేదు. ద్రాక్ష కోతలు సాగుతున్నాయి. మా ఊరు నందికొండకు ఇవతల, గుట్టల నడుమ ఉండేది. ఊరి పక్కన మోట బావి కింద ఒక ద్రాక్ష తోట. రాతి కడీలు పాతి, వాటి మీద తీగెలు లాగి, పందిరి వేశారు. అందని గుత్తి కోసం నేనొక కడీ ఎక్కి జారిపడ్డాను. కుడి మోకాలి కింద ఎముక రెండయింది.

ఎముకలు కట్టే ముసలాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు గానీ, ఆయన మొహంలో ధైర్యం లేదు. మా బాపును పక్కకు పిలిచి చెప్పిన మాట నాకూ వినపడింది.

"గిది నా చేతిల లేదు. ఆనకట్ట కాడి దవాఖానకు తీస్కపో. ఎట్లన్న పో గాని కుదుపు తగలనియ్యకు. బొక్క మొన తోలు చీరుకోని బయటికొచ్చిందంటే కాలు దక్కదు."

నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న ఆ రోజుల్లో మా దారి మట్టిదారి. అందులో సగం మట్టి, సగం రాళ్లు. ఎడ్లబండి చక్రం కర్రది, అడుగడుక్కీ ఎగిరి పడుతుంది. రాళ్ల లారీ అంతకన్నా ఘోరం. మంచం మీద మోసుకుపోదామంటే నలుగురు కావాలి, ఊళ్లో మగవాళ్లంతా ఆనకట్ట పనికి పోయి ఉన్నారు. మిగిలింది పక్కింటి తాత సైకిల్ ఒక్కటే. ఆయన ఆ తోటలోని పండ్లను గంపల్లో పెట్టుకుని నందికొండలో ఇంజనీర్ల ఇళ్ల దగ్గర అమ్మి వచ్చేవాడు. గంపల కోసం వెనుక వెడల్పాటి చెక్క చట్రం బిగించి ఉండేది. ఆ ఉదయం నింపిన గంపలను ఆయన దించి నీడలో పెట్టాడు. చట్రం మీద ఒక పలక కట్టి, దాని మీద వరిగడ్డి, గడ్డి మీద గొంగడి పరిచాడు. నేను ఆయన వీపుకు వీపు ఆనించి, కాలు పలక మీద వెనక్కి చాపి కూచోవాలి. బాపు వెంట నడుస్తూ పలక చివర పట్టుకోవాలి.

తొందరగా చేరాలని మా బాపు ఎక్కడి నుంచో పంపు తెచ్చి రెండు చక్రాలకూ రాయిలా బిగిసేదాకా గాలి కొట్టాడు. పంపు పక్కన పెట్టాడో లేదో, తాత వంగి వాల్వు వదులు చేశాడు. గాలి బుస్సుమని పోతుంటే మా బాపుకు కోపం ఆగలేదు.

"ఏంది కాకా గిది? ఇప్పుడే గద కొట్టిన. పొద్దు పోతాంది."

"గట్టి చక్రం రాయినెక్కుతది. మెత్తటిది రాయిని మింగుతది. ద్రాక్షకే గిట్ల తొక్కుత, పిల్లకు తొక్కనా?"

"మరి నీ కాళ్లో?"

"నా కాళ్లు ఇరగలే గద."

బయలుదేరే ముందు ఆయన నా ఒళ్లో ఒక ద్రాక్ష గుత్తి పెట్టాడు. బాగా పండి, తొడిమ వదులైన గుత్తి. పండ్లు మోసేవాళ్లు గంపల పైన అలాంటిదొకటి పెట్టుకునేవారని తర్వాత తెలిసింది. పైనున్న గుత్తి రాలిందంటే కింద గంపలో పండ్లు చితుకుతున్నాయని గుర్తు. నాకు మాత్రం ఒక్క పండు రాలినా వెంటనే చెప్పమని, అది నా పూచీ అని అప్పగించాడు. నేను చిన్నప్పటి నుంచీ అప్పగించిన పని అటూ ఇటూ కానివ్వను. కాలు నొప్పిని వదిలేసి గుత్తిని చూడటం మొదలుపెట్టాను.

వెనక్కి తిరిగి కూచున్నవాళ్లకు రాబోయే గుంత కనిపించదు. దాటి వచ్చిన గుట్టలు మాత్రం ఒకదాని వెనుక ఒకటి చిన్నవవుతుంటాయి. దారి సంగతి ఆయన వీపే నాకు చెప్పేది. ఎక్కుడు వస్తే ఆ వీపు బిగిసేది, చదునైన చోట కాస్త వదులయ్యేది. గాలి లేని చక్రాలు నేలను పట్టుకుని వదిలేవి కావు. కాసేపటికే ఆయన అంగీ తడిసి, ఆ తడి నా వీపుకు కూడా అంటింది. మధ్యలో ఆనకట్ట పనికి పోయే సైకిళ్లవాళ్లు మమ్మల్ని దాటుతూ నవ్వారు.

"ఏం తాతా, పెండ్లిపిల్లను తోల్కపోతున్నవా, గింత నిమ్మళంగ?"

"పెండ్లిపిల్లనే. దుమ్ము లేపకుండ పోండ్రి," అన్నాడు తాత. మాట మామూలుగానే వచ్చింది గానీ, దాని వెనుక ఊపిరి అందకపోవడం నా వీపుకు తెలిసింది.

రెండో గుట్ట దగ్గర ఒక పండు రాలి గొంగడి మీద పడింది. అప్పటికే ఆయన ప్రతి తొక్కుడుకూ మూలుగుతున్నాడు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, ఇంకా గాలి తీస్తాడు. చెప్పకుంటే ఆయనకు కాస్త తేలిక. కానీ అప్పుడే కాలి లోపల ఏదో గరుక్కుమన్నట్టయింది.

"తాతా, ఒకటి రాలింది."

సైకిల్ ఆగింది. ఆయన దిగి, నుదురు తుడుచుకుని, ముందు పండు వంకా తర్వాత నా కాలి వంకా చూశాడు. కట్టు మీద నెత్తురు లేదు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా," అని వాల్వు మరికొంచెం వదులు చేశాడు. అక్కడి నుంచి ఆయన సైకిల్ ఎక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని, దారి పక్కన ఇసుక ఉన్నంత మేర చక్రాలను ఇసుకలోనే నడిపించాడు.

అన్నిటికన్నా కష్టం చివరి దిగుడు. అది కృష్ణ లోయలోకి దిగే దారి. మామూలు రోజుల్లో ఆయన అక్కడ కాళ్లు పైకెత్తి హాయిగా జారిపోయేవాడట. ఆ రోజు చక్రం ఒక్కసారి కూడా పరుగెత్తకుండా ముందు నుంచి తన ఛాతీతో ఆపుకుంటూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ దించాడు. వెనుక నుంచి బాపు పలకను లాగి పట్టుకున్నాడు. నీళ్ల వాసన వచ్చింది. ఎక్కడో రాళ్లు పగలగొడుతున్న చప్పుడు వినిపించింది.

దవాఖానలో కట్టు విప్పినప్పుడు తోలు చీరలేదు. కాలు వాచింది గానీ ఎముక లోపలే ఉంది. సరిచేసి పిండికట్టు వేశారు, నన్ను అక్కడే ఉంచుకున్నారు. కిటికీలోంచి చూస్తే తాత వరండాలో గోడకు జారగిలబడి ఉన్నాడు. తొడలు వాటంతటవే వణుకుతున్నాయి, రెండు చేతులతో అదిమి పట్టుకుంటున్నాడు. సైకిల్ రెండు ట్యూబులూ వాల్వుల దగ్గర చిరిగిపోయాయి. గాలి తక్కువతో అంత దూరం నడిపితే అవి చిరగక మానవు. మా బాపు నొచ్చుకుంటుంటే ఆయన కళ్లు తెరవకుండానే, "తెల్వకనా తీసింది? తెలిసే తీసిన," అన్నాడు. సాయంత్రం ఆ సైకిల్ను నడిపించుకుంటూ ఒక్కడే ఇంటిదారి పట్టాడు.

ఆ కాలు మీదే ఇన్నేళ్లూ నడిచాను. నాట్లు వేశాను, పిల్లలను ఎత్తుకున్నాను. చలికాలంలో కొంచెం లాగుతుంది, అంతే.

ఇప్పుడు మా ఇంటాయన పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు. పుండ్లు పడకుండా ఆయనను పక్కకు తిప్పుతుండాలి. నా నడుముకు ఆ పని చాలా పెద్దది. ఒక్కసారి గట్టిగా లాగేస్తే అయిపోతుంది గదా అత్తమ్మా అంటుంది మా కోడలు, నా మీది జాలితోనే. అయిపోతుంది, నిజమే. కానీ నేను రెండు చేతులూ ఆయన వీపు కిందికి పోనిచ్చి, ఆయన ఒకసారి ఊపిరి పీల్చి వదిలేదాకా ఆగి, బరువంతా నా మోచేతుల మీదికి తెచ్చుకుని, మెల్లగా నా వైపుకు తిప్పుకుంటాను. తర్వాత అక్కడే కింద కూలబడతాను. చేతులు వణుకుతుంటాయి. ఆయన నిద్ర మాత్రం చెదరదు.