నా పేరు చెప్పని వీడియో

ఆ రోజు బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలో నిలవలేదు. ఒళ్లంతా వణుకు. చిలకలగూడలో మా ఇంటి ముందుగదిలో చిన్నపిల్లలకు లెక్కలు చెబుతాను. జ్వరమొస్తే ట్యూషన్ మానేసే రకం కాదు నేను. మాత్ర వేసుకుని మొండికేశాను. మర్నాటికి మా ఆయన నా పేరు అడిగితే తెల్లమొహం వేశానట.

ఆస్పత్రిలో బ్లడ్ టెస్టులు, యూరిన్ కల్చర్, స్కాన్. "యూరిన్ ఇన్ఫెక్షన్ బ్లడ్‌లోకి పోయిందమ్మా. సెప్సిస్. ఐసీయూలో పెట్టాలె" అన్నారు డాక్టర్. యాంటీబయాటిక్స్‌తో కాస్త తేరుకున్నాను, మళ్లీ బీపీ పడిపోయింది. అప్పుడొచ్చాడు మా తమ్ముడు. వాడు చనిపోయి చాలా ఏళ్లయింది. మంచం చివర కూర్చుని, "పోదాం పా అక్కా" అన్నాడు. నేనూరుకుంటానా? "పదమూడో ఎక్కం తప్పులేకుండ అప్పజెప్పు, అప్పుడొస్త" అన్నాను. వాడికి అది ఏనాడూ సరిగ్గా రాలేదు. అయినా మొదలుపెట్టాడు.

తెలివొచ్చాక డాక్టర్, "ఐసీయూ డెలీరియం అంటరు. లేనోళ్లు కనబడుతరు, ఏదేదో కలవరిస్తరు. శానమందికి అయితది, పరేషాన్ కాకుండ్రి" అన్నారు. వాడు వచ్చిన సంగతి నేనెవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

కాళ్లలో సత్తువ వచ్చాక బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లాను. నా దగ్గర చదివే పాప తల్లి సబిత, టమాటాలు ఏరుతూ గొంతు తగ్గించింది. "టీచర్, మీ తమ్ముడు ఇంకా వస్తున్నడా?"

"ఏందీ?" అన్నాను. సబిత ఒకసారి నా వెనక్కి చూసి, ఫోన్ తీసి వీడియో పెట్టింది.

మాస్కు పెట్టుకున్న నర్సు. ఆ గొంతు గుర్తుపట్టాను. ఐసీయూలో నా ఒళ్లు తుడిచి జడ వేసిన పిల్ల. నా కలవరింతలన్నీ విన్నది తనే. "పేరు చెప్పను" అంటూనే చెప్పింది: చిలకలగూడ, ట్యూషన్ టీచర్, చనిపోయిన తమ్ముడు, పదమూడో ఎక్కం. ఇంకేం మిగిలింది, నా మొహం తప్ప! "తప్పినప్పుడల్లా మేడమ్ మళ్ల మొదటికెల్లి చెప్పిస్తది. ఇయ్యాల పదమూడు తొమ్మిదుల దాకా వచ్చిండంట" అని అక్కడే ఆపేసింది. అంత దాకా వచ్చాడని నాకే గుర్తులేదు.

పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. చివరికి సబిత కూడా, "టీచర్ ఇంట్ల ఎవరో ఉన్నరని పిల్ల ఏడుస్తున్నది, జెర ఏమనుకోకుండ్రి" అంది. ఒళ్లు మండిపోయి ఆస్పత్రికి వెళ్లాను. ఆ నర్సు ఏడ్చేసింది. "పేరు చెప్పలే కద మేడమ్! మీరంటే పాణం, అందుకే చెప్పిన." నిజమే అయ్యుంటుంది. నా ముందే వీడియో తీసేసింది. కానీ అప్పటికే ఎవరెవరో దాన్ని దించుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఒంట్లో బాగుంది. మొన్న ఫాలోఅప్‌లో రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు. ముందుగదిలో ఇద్దరే పిల్లలు. ఆ పేజీల్లో వీడియో కింద మాత్రం కామెంట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. "పదమూడు పదులు చెప్పేసి ఉంటడు." "తీస్కపోయిండు, పాపం." "ఆత్మకు శాంతి." ఎవరో దీపం బొమ్మ పెట్టారు. నా చావుకు అంతమంది ఏడుస్తుంటే ఉండబట్టలేక ఒకరోజు "నేను బతికే ఉన్నాను" అని టైప్ చేశాను. పంపితే ఆ టీచర్ నేనేనని నేనే ఊరంతా చాటినట్టు. చెరిపేశాను.

మీ కథ ఎక్కడైనా అలా కనబడితే, తీసేయమని అడిగే ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆస్పత్రికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. దాని కింద మాత్రం ఏమీ రాయకండి. బతికే ఉన్నామని కూడా.