సుగుణ ఆంటీ వంటగది రాజ్యాంగం

వాటర్లూలో లైట్ రైలు కదిలే ముందు ఒక గంట మోగుతుంది. పెద్ద గంటేం కాదు, స్టీలు గ్లాసు మీద చెంచాతో తట్టినట్టు సన్నగా ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం ఆ చప్పుడు వినగానే నాకు కళ్లూ నోరూ ఒకేసారి ఊరాయి. ఒళ్లో నా డిగ్రీ ఉంది. అవును, డిగ్రీ! అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ ఇంతవరకూ ఎవరి చేతికీ రాని కాగితం. పక్కన అమ్మ దాన్ని మాటిమాటికీ కొంగుతో తుడుస్తోంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరూ అడగకుండానే, "మా బిడ్డ పొలిటికల్ సైన్స్" అని తెలుగులో ఎదుటి సీటు తెల్లాయనకి చెప్పాడు. ఆయనకి ఏం అర్థమైందో గానీ చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం అప్పటికే ఆ గంట వెంట వెళ్లిపోయాను. ఆవిరి పట్టిన కిటికీ ఉన్న ఒక వంటగదిలోకి, సుగుణ ఆంటీ దగ్గరికి.

సుగుణ ఆంటీది తెనాలి. పెళ్లయ్యాక ఒహాయో వెళ్లి, అక్కడి హైస్కూల్లో పిల్లలకి అమెరికా ప్రభుత్వం గురించి చాలా ఏళ్లు పాఠం చెప్పింది. అంకుల్ పోయాక, కొడుకు మార్కమ్‌లో ఉన్నాడని సరిహద్దు దాటి ఇటు కెనడాకి వచ్చింది. కొడుకింట్లో ఉండబుద్ధి కాక వాటర్లూలో పాత ఇల్లు కొనుక్కుని, గదులు చదువుకునే ఆడపిల్లలకి అద్దెకిచ్చింది. నేను చేరాక నాతో కలిపి మేం అయిదుగురం. పొయ్యి ఒక్కటే. తెలుగువాళ్లు అయిదుగురు, పొయ్యి ఒకటి అంటే తక్కినదంతా మీకు తెలిసే ఉంటుంది. ఆంటీకి ఆ పోట్లాటలన్నీ తెలుసు. అందుకే వంటగదికి ఒక రాజ్యాంగం రాసింది. అల్మారా తలుపు లోపలివైపు నల్ల మార్కర్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. పంచదార కోసం తలుపు తీసినప్పుడల్లా అది కనిపించేది.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక గ్లాసు మీద చెంచాతో తట్టేది. సభ మొదలైనట్టు. కొత్తగా చేరిన దాన్ని కదా, మొదటి ఆదివారం నవ్వాపుకోలేకపోయాను. ఆంటీ కోప్పడలేదు. "చూడమ్మా లావణ్యా, ఉప్పు వేసేవాళ్లు, రుచి చూసేవాళ్లు, వడ్డించేవాళ్లు వేరేవేరేగా ఉండాలి. ముగ్గురూ ఒక్కరే అయితే కూర ఎట్లా ఉన్నా అమృతమే అంటారు. అమెరికా వాళ్లు రాసుకున్నదంతా ఇదే, కాకపోతే ఇంగ్లీషులో రాసుకున్నారు" అంది. నియమాలు చేసేది మేం. వాటిని అమలు చేసేది ఆంటీ. నచ్చకపోతే సంతకం పెట్టకుండా వెనక్కి పంపొచ్చు. కానీ మేం గట్టిగా పట్టుబట్టి ఇంకా ఎక్కువమందిమి ఒప్పుకుంటే ఆవిడ కాదన్నా చెల్లుతుంది. ఏ నియమమైనా తలుపు మీద రాసిన మాటలకి విరుద్ధంగా ఉందా అని చూడటానికి మాలో ఒకరు న్యాయమూర్తి. చీటీ తీసి ఎన్నుకునేవాళ్లం. కాలేజీలో ఆ నాలుగు నెలల టర్మ్ అయ్యేదాకా ఆ అమ్మాయిని ఎవరూ దించకూడదు, ఓటు మాత్రం ఉండదు.

"మరి ఇక్కడ కెనడాలో ఇట్లా కాదు కదా ఆంటీ, ప్రధానమంత్రి పార్లమెంటులోనే కూర్చుంటాడు?" అని క్లాసులో నేర్చుకున్నది ఒకసారి ఒలకబోశాను. ఆంటీ ముఖం వెలిగిపోయింది. "అదీ! ఇక్కడ వండేవాడే పంక్తిలో కూర్చుని తింటాడు. అక్కడ వంటవాణ్ణి పంక్తిలోకి రానివ్వరు. రెండిళ్లలోనూ జనం అన్నం తింటున్నారనుకో. కానీ తేడా ఎందుకొచ్చిందో ఆలోచించు" అంది. నేను కంప్యూటర్ కోర్సుల నుంచి పొలిటికల్ సైన్స్‌కి మారింది ఆ తర్వాతి నెలలోనే. ఆ రోజుల్లో ఆ ఇల్లంతా నాకు కలలా ఉండేది. బయట మంచు చప్పుడు లేకుండా పడుతూ ఉండేది. లోపల ఇంగువ తాలింపు మధ్య ఆంటీ గొంతు రాష్ట్రాల హక్కుల గురించీ, సవరణల గురించీ కథ చెబుతున్నట్టు సాగేది. వింటూ వింటూ బల్ల మీద తల వాల్చేదాన్ని. నిద్ర కాదు, మెలకువా కాదు.

రెండో ఏడు చలికాలంలో ఆ కల చెదిరింది. అమ్మ ఓక్‌విల్ నుంచి ఎండుచేపలు పంపింది. నాన్న అక్కడ కార్ల విడిభాగాల గోదాములో పనిచేస్తాడు. మేం నా పదో తరగతి అయ్యాక జనగామ నుంచి వచ్చినవాళ్లం. చింతపండు వేసి, ఎర్రగా కారం వేసి ఎండుచేపల పులుసు పెట్టానో లేదో, మేడమీది నుంచి ప్రణీత దిగింది. విజయవాడ పిల్ల, మాలో గట్టిగా మాట్లాడేది ఆమే.

"ఛీ, ఏంటే ఈ కంపు! రేపు నాకు ఇంటర్వ్యూ ఉంది. కోటు నిండా ఇదే వాసన కొడుతుంది తెలుసా?"

"కోటు నీ గదిలో పెట్టుకోవచ్చు కదా."

"గది తలుపు సందులోంచి కూడా వస్తోంది, నీ చేపకి కాళ్లున్నాయి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆదివారం సభలో మాత్రం నవ్వు లేదు. ఇంట్లో నీచు వండకూడదని ప్రణీత నియమం తెచ్చింది. ముగ్గురు చేతులెత్తారు. ఓటున్నవాళ్లలో నేనొక్కదాన్నే ఎత్తలేదు. అందరం ఆంటీ వైపు చూశాం. ఆంటీ పుట్టు శాకాహారి, గుడ్డు వాసన కూడా పడదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, సంతకం పెట్టేసింది. "అబద్ధం చెప్పను లావణ్యా. నాకూ ఇదే కావాలనిపించింది" అంది.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. చేపలు పోతే పోయాయి, నేను ఆ ఇంటి మనిషిని కానని చెప్పినట్టు తోచింది. నాన్నకి ఫోన్ చేస్తే, "ఎందుకు బిడ్డా గా తిప్పలు, ఇంటికొచ్చెయ్. మా గోదాంల ఆఫీసు పని ఉందట, అడుగుత" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ చలికాలం మధ్యలో అంత తక్కువ అద్దెకి వేరే గది దొరకదు. ఓక్‌విల్ నుంచి రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. ఆ ఇల్లు వదిలితే చదువు వదిలినట్టేనని నాకు తెలుసు. తెలిసీ కింద బేస్‌మెంట్‌లో ఉతికిన బట్టలు మడిచి సూట్‌కేసులో పెడుతున్నాను.

మెట్ల మీద ఆంటీ చెప్పుల చప్పుడు. "ఊరెళ్తున్నావా?"

"ఇంకెందుకు ఆంటీ ఇక్కడ? ఓటేశారు, మీరు సంతకం పెట్టారు, అయిపోయింది."

"అయిపోవడమేంటి? అప్పీలు చెయ్యకుండానే? మూడో కుర్చీ ఖాళీగా ఉందా ఏంటి?"

ఆవిడ అంటున్నది న్యాయమూర్తి సంగతి. నేను తెల్లబోయి చూశాను. "సంతకం పెట్టింది మీరే కదా. మీ మీద మీరే..."

"నేను పెట్టాను గనకే, అది చెల్లుతుందో లేదో నేను చెప్పకూడదు. దారి ఎటో చెప్పొచ్చు. అది నేరం కాదు" అని, నేను మడిచిన చున్నీని విప్పి, తన పద్ధతిలో మళ్లీ మడిచి, సూట్‌కేసులో కాకుండా బుట్టలో పెట్టింది.

అప్పీలు చేశాను. ఆ టర్మ్ న్యాయమూర్తి హేమ. అనంతపురం పిల్ల, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తర్వాతి ఆదివారం సభలో ఎండ బల్ల మీద పలచగా, పాలమీగడలా పరుచుకుని ఉంది. హేమ లేచి అల్మారా తలుపు తీసింది. పంచదార డబ్బా పక్కకి జరిపి మొదటి వాక్యం చదివింది: "ఈ పొయ్యి ఈ ఇంట్లో ఉన్న అందరిదీ."

"నాకూ ఆ వాసన పడదు లావణ్యక్కా, నిజంగా చెప్తాండా" అంది. "కానీ ఈడ పడేవాళ్లదీ పడనోళ్లదీ అని రాసి లేదు. అందరిదీ అని ఉంది. ముగ్గురు ఓటేసి ఒగరి పొయ్యి ఆర్పేకి ల్యా. ఆ నియమం చెల్లదు."

ప్రణీత ఆంటీ వైపు తిరిగింది. "ఆంటీ, ఇల్లు మీది! మీరొక్క మాట అంటే అయిపోతుంది కదా."

"అదేనే నాకు భయం" అంది ఆంటీ. "నేనొక్క మాట అంటే అయిపోయే ఇంట్లో ఇవాళ లావణ్య పొయ్యి పోతుంది. రేపు నాకు నీమీద కోపమొస్తే నీదీ పోతుంది. అప్పుడు ఏ తలుపు తీసి చదువుతావు?"

ఆంటీ తన సంతకం ఉన్న కాగితాన్ని తీసుకుని నెమ్మదిగా రెండు ముక్కలు చేసింది. ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యకుండా గుప్పిట్లోనే నలిపేసింది. ఓడిపోవడం ఆవిడకేమీ సరదా కాదని అప్పుడు అర్థమైంది.

ఆ వారమే మళ్లీ చేపలు వేయించాను. నూనె కాగకముందే ఆంటీ వంటగదిలోకి వచ్చింది. చలికోటు, దాని మీద మంకీ క్యాప్, చేతులకి గ్లౌజులు. కిటికీ బార్లా తెరిచింది. మంచు రేణువులు లోపలికి ఎగిరొచ్చి, పొయ్యి వేడికి గాలిలోనే మాయమవుతున్నాయి. ఆంటీ కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

"పైకెళ్లండి ఆంటీ, జలుబు చేస్తుంది. నేను చూసుకుంటా."

"ఓడినవాళ్లం లేచి వెళ్లిపోతే గెలిచినదానివి ఒక్కదానివే తినాలి. దాన్ని తీర్పంటారా?" ముక్కు క్యాప్‌లోంచి ఎర్రగా కనిపిస్తోంది. "కొంచెం త్వరగా వేయించమ్మా, అంతే."

కాసేపటికి ప్రణీత స్కార్ఫుతో ముక్కు కట్టుకుని దిగింది. అలకతోనే పెరుగన్నం కలుపుకుని నా ఎదురుగా కూర్చుంది. "నీ చేపకి ఇవాళ కూడా కాళ్లున్నాయి" అంది. ఆ తర్వాత కొన్నాళ్లకి తనే ఒక సవరణ తెచ్చింది: నీచు వండినప్పుడు కిటికీ తెరవాలి, ముందురోజే చెప్పాలి. ఈసారి నేనూ చెయ్యెత్తాను. అది ఇంకో మార్కర్‌తో, తలుపు కింది భాగంలో చేరింది.

ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. మోకాళ్ల నొప్పులతో ఆంటీ మార్కమ్‌లో కొడుకు దగ్గరే ఉంటోంది. అల్మారాకి కొత్త యజమాని రంగు వేసి ఉంటాడు. రైలు దిగకముందే ఆవిడకి ఫోన్ చేశాను.

"ఆంటీ! డిగ్రీ చేతికొచ్చింది! లా స్కూల్లో సీటు కూడా వచ్చింది!"

అవతల ముక్కు చీదిన చప్పుడు, ఆ వెనకే పాత గొంతు. "పాఠం చెప్పినవాళ్లు, పట్టా చేతికిచ్చినవాళ్లు ఒకరేనా, వేరేవేరేనా?"

"వేరేవేరే ఆంటీ."

"అయితే అసలు పట్టానే. మీ అమ్మకివ్వు ఫోను."

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంట్‌లో మేం ముగ్గురం. అందులో ఒకమ్మాయి సాయంత్రం అగరొత్తులు వెలిగిస్తుంది. ఆ పొగకి నాకు తలనొప్పి. మిగతా అమ్మాయికీ పడదు. ఇద్దరం ఒక మాట అనుకుంటే ఆపించెయ్యొచ్చు, లీజు కూడా నా పేరు మీదే ఉంది. మొన్న జనవరిలో ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేచి వెళ్లి తలుపు వెనక తగిలించిన కోటు తెచ్చుకున్నాను. కిటికీ తెరిచి, గుండీలు మెడదాకా పెట్టుకుని, ఆ అమ్మాయి దేవుడి పటం ఎదురుగానే కుర్చీ వేసుకున్నాను. మంచు లోపలికొచ్చింది. పొగ బయటికెళ్లింది. ఆ అమ్మాయి నావైపు వింతగా చూసి, టీ పెట్టనా అని అడిగింది.