మిర్చి బస్తాల నడుమ ట్రైనింగ్

మా పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది ఒక సెమిస్టర్ మొత్తం క్లాసులుండేవి కావు. ఏదో ఒక ఫ్యాక్టరీలో ట్రైనింగ్ చేయాలి. ఆ సెమిస్టర్ మార్కులన్నీ దానికే. ట్రైనింగ్ పూర్తయిందని కాలేజీ ఒప్పుకోకపోతే, అంతకుముందు సబ్జెక్టులన్నీ పాసై ఉన్నా డిప్లొమా చేతికి రాదు. అన్ని నెలలు ఆ పిల్లవాడు ఏం తిని బతుకుతాడన్న సంగతి మాత్రం ఆ రూలు రాసిన మహానుభావులకు తట్టలేదు. వాళ్ల పిల్లలు ఇంట్లోనే తింటారు కాబట్టి తట్టే అవసరం రాలేదేమో.

మాది పినపాక దాటాక అడవి అంచున ఉన్న కోయ గూడెం. అయ్య అడవి నరికి పోడు చేసేవాడు, ఎండాకాలం బీడీలకు తునికాకు కోసేవాడు. నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి స్కాలర్‌షిప్ మీద చదివాను. ట్రైనింగ్ మొదలవగానే వార్డెన్ నన్ను పిలిచి, "నువ్విప్పుడు కాలేజికి పోతలేవు. నీ మెస్సు బిల్లు నేనేమని పెట్టాలె?" అని మర్యాదగానే బయటికి పంపాడు. స్టైపెండ్ అడిగితే అది డిప్లొమా అయిపోయినవాళ్లకేనన్నారు. బ్యాంకుకు పోతే భూమి పట్టా అడిగారు. పోడు భూమికి పట్టా ఎక్కడిది? ఇంకో ఆఫీసులో గుమాస్తా ఫ్యాను కింద కూర్చుని నాకు జ్ఞానబోధ చేశాడు. "చదువుకునేటోనికి స్కీముంది, పనిచేసేటోనికి స్కీముంది. నువ్వు రెంటికి నడిమిట్ల ఉన్నవ్. నడిమిట్ల ఉన్నోనికి ఏం లేదు."

అయ్య ఖమ్మం బస్టాండుకు వచ్చి జొన్నల మూట ఇచ్చాడు. నేను మూట భుజాన వేసుకుని బరువు చూశాను.

"ఇది అయిపోతె నౌకరి వస్తదా బిడ్డా?" అన్నాడు.

"అవ్ అయ్యా, వస్తది."

చుట్టాలూ పలుకుబడీ ఉన్న నా క్లాసువాళ్లు హైదరాబాద్ ఫ్యాక్టరీలకు పోయారు. నాకు ఖమ్మంలోనే మార్కెట్ యార్డు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ దొరికింది. రైతులు, వ్యాపారులు ధర కోసం మిర్చి బస్తాలు అందులో దాచుకుంటారు. లోపల చలి తగ్గకుండా చూసే కంప్రెసర్ల దగ్గర నా పని. ఆపరేటర్ మంచివాడు. మిషన్ చప్పుడులో తేడా వస్తే ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలో, అమ్మోనియా వాసన తగిలితే మొదట ఏ వాల్వు కట్టేయాలో చూపించేవాడు. ఆ పని నాకు నిజంగా ఇష్టమైంది. పుస్తకంలో అర్థం కానిదంతా అక్కడ చేతికి తగిలేది. జీవితంలో ఇంక నేను ఉండాల్సిన చోటు ఇదేననుకున్నాను. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది.

యార్డు వెనక ఒక రేకుల గదిలో ఇంకొకరితో కలిసి కిరాయికి ఉండేవాణ్ణి. హాస్టల్లో మిగిల్చుకున్న కాస్త డబ్బు దానికే సరిపోయేది. మూట ఖాళీ అయ్యాక పొద్దున చాయ్ తాగి వెళ్లి, మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పే వేళకు ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాణ్ణి. గోడ పక్కన కుళాయి ఉండేది. కడుపునిండా నీళ్లు తాగి తిరిగొచ్చేవాణ్ణి. ఇది ఎవరూ గమనించలేదనుకున్నాను.

బస్తాలు మోసే హమాలీల ముఠాకు ఒక మేస్త్రి ఉండేవాడు. పెద్దాయన, బస్తాలు మోసి మోసి మెడ మీద కాయ కాసి ఉండేది. ఒకరోజు కుళాయి దగ్గరే పట్టుకున్నాడు.

"ఏందిర పిల్లగా, అన్నం యాళ్లకు రోజు ఏడికి మాయమైతున్నవ్?"

"హోటలుకు పోతున్న పెద్దయ్యా."

"హోటలుకు పోయినోని మూతి గిట్ల ఉంటదా? నడువ్."

వాళ్ల మధ్య కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మర్నాడూ పెట్టాడు. ఆ తర్వాత నాకే సిగ్గేసింది. ఊరికే తినడమెందుకని, నా డ్యూటీ అయ్యాక ఒక బస్తా కింద భుజం పెట్టాను. మేస్త్రి అంత దూరం నుంచి అరిచాడు. "దించు! దించుర ముందు!"

తప్పేం చేశానో తెలియలేదు. ఆయనే చెప్పాడు. ముఠాలో ఎవరూ ఉత్తగా బస్తా ఎత్తకూడదు. ఎత్తినవాడికి కూలిలో భాగం రావాల్సిందే, ముసలివాడైనా కొత్తవాడైనా అందరితో సమానంగా. ఒకడు ఉత్తగా మోస్తే రేపు షావుకారు అందరినీ ఉత్తగానే మోయమంటాడు. "మోస్తే భాగం తీస్కో. లేకుంటె బస్తా ముట్టకు" అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను ముఠాలో కలుపుకున్నారు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మిషన్ల దగ్గర, ఆ తర్వాత చీకటి పడేదాకా బస్తాల కింద. బయట ఖమ్మం ఎండ మాడ్చేది, లోపల చలి ఎముకలు పట్టేది. నెత్తికి గుడ్డ చుట్టుకున్నా ఘాటుకు తుమ్ములు ఆగేవి కావు, చెమటపట్టిన మెడ భగ్గుమనేది. అయినా కడుపునిండా తిని పడుకుంటున్నాను. మిషన్ల పని ఒక్క పూట కూడా మానలేదు. నాకు నేనే ఒక దారి వేసుకున్నానని గర్వపడ్డాను కూడా.

ట్రైనింగ్ ముగింపు దగ్గర పడ్డాక మా లెక్చరర్ చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. మధ్యాహ్నం దాటింది. నేను పై అంతస్తులో బస్తా దించి మెట్ల మీద వస్తున్నాను. కింద ఆయన నా గురించి మేస్త్రినే అడుగుతున్నాడు. కాలేజీ సారు వచ్చాడని తెలియగానే మేస్త్రి నెత్తిగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు మేలు చేయాలని ఎంత ఆరాటపడ్డాడో ఆ గొంతులోనే తెలిసింది.

"మా ముఠా పిల్లగాడే సార్! ఒక్కనాడు నాగా లేదు. ఇద్దరి పని ఒక్కడే చేస్తడు. అడవిల పుట్టినోడు, కష్టానికి ఎనకకు పోడు. మాతోని సమానంగ భాగం తీస్కుంటడు సార్."

లెక్చరర్ తలెత్తి నన్ను చూశాడు. నా నెత్తిన గుడ్డ, భుజాల మీద ఎర్రటి దుమ్ము.

"నువ్వు ఇక్కడ ట్రైనీవా, కూలీవా?"

"పొద్దున ట్రైనీని సార్. తర్వాత..."

ఆపైన చెప్పనివ్వలేదు. ఆయన చెడ్డవాడేం కాదు, మొహం కూడా చిన్నబుచ్చుకున్నాడు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ అదే ట్రైనింగని కాగితాలు తెచ్చేవాళ్లను ఆపడానికి, ట్రైనింగ్ చోట కూలి తీసుకుంటే ఆ ట్రైనింగ్ చెల్లదని రూలు పెట్టారట. ఆ రూలుకు అందరికంటే ముందు దొరికింది నేను.

కాలేజీలో హెడ్డు గది ముందు పొద్దంతా నిలబడ్డాను. ఆపరేటర్ నా వెంట వచ్చి, పిల్లవాడు మిషన్ల పనంతా చేశాడని చెప్పాడు. ఫలితం లేదు. వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ చేయమన్నారు. రెండోసారి చేసేవాళ్లకు ఫీజు కట్టే స్కాలర్‌షిప్ కూడా ఉండదని ఆ మాటతోపాటే చెప్పారు. నేను తినకుండా కుళాయి దగ్గరే పడిపోయి ఉంటే పాసయ్యేవాణ్ణి. బయటికొచ్చి కాలేజీ గోడను కాలితో తన్నాను. గోడకేం కాలేదు, నా వేలు చిట్లింది.

ఎక్కడికి పోవాలి? ఆ రాత్రికి అన్నం కావాలి. తిరిగి ముఠా దగ్గరికే పోయాను. మేస్త్రి నా కోసమే చూస్తున్నట్టు గేటు దాకా ఎదురొచ్చాడు.

"ఏమన్నడు మీ సారు? నేనైతే నీ గురించి గట్టిగనే చెప్పిన. నా మాట పనిచేసిందా?"

ఆ మొహం చూసి, నీ మాటే నన్ను ముంచింది పెద్దయ్యా అని ఎలా అనగలను? కోపం వచ్చింది. కుళాయి దగ్గర చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది ఈయనే కదా అనుకుని మింగేశాను.

"పాసైన పెద్దయ్యా" అన్నాను.

ఆయన అక్కడికక్కడే పని ఆపించాడు. బూందీ తెప్పించి అందరికీ తన చేత్తో పంచాడు. ఒకరిద్దరు నా వీపు చరిచారు. నా వంతు బూందీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నెత్తికి గుడ్డ చుట్టుకుని వరసలో నిలబడ్డాను. ఎవరో అప్పటికే నా భుజం మీదికి బస్తా లేపుతున్నారు. మేస్త్రి అడ్డం వచ్చాడు. నా నెత్తిమీది గుడ్డ విప్పాడు, దులిపాడు, మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇంజినీరు సాబువి అయినవ్. ఇగ నువ్వు బస్తా మోస్తె మా ఇజ్జతు ఏం కావాలె? జల్దీ నౌకరి చూస్కో పో."

"ఇంకొన్ని రోజులు ఉంట పెద్దయ్యా. నౌకరి దొరికేదాంక."

"వద్దు బిడ్డా. అలవాటైతే ఈడనే ఉండిపోతవ్."

మళ్లీ ఆ ట్రైనింగ్ చేసే స్తోమత నాకు రాలేదు. కాలేజీ ఇచ్చిన గడువు దాటిపోయింది, డిప్లొమా రానే లేదు. బస్టాండులో అయ్య అడిగిన ప్రశ్నకు చాలా ఏళ్లు అబద్ధాలే జవాబు చెప్పాను. కానీ నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ మధ్యాహ్నమే. ముఠా అంతా గేటు దాకా వచ్చారు. ఖమ్మంలో నాకు అన్నం దొరికే చోటు అదొక్కటే. అక్కడి నుంచి నన్ను చప్పట్లు కొట్టి సాగనంపారు.