వల్లి పోయిన ఏడు

బెల్లం కాగే వాసన నాకు పడదు. చిత్తూరు పక్క చెరుకు ఊళ్లలో చలికాలం బస్సు దిగగానే అది ఎదురొస్తుంది. అందరికీ నోరూరుతుందట, నేను మాత్రం ముక్కు మూసుకుంటాను.

మా చిన్నప్పుడు ఊళ్లో సంవత్సరాలకు అంకెలుండేవి కావు. చెరువు తెగిన ఏడు, మిడతలు చేలు మేసిన ఏడు, గొడ్లను సంతకు తోలిన కరువు. కాన్పులైనా పెళ్లిళ్లైనా వాటికి ముందో వెనకో జరిగేవి. మా అవ్వను వయసడిగితే, చెరువు తెగినప్పుడు తాను చంకబిడ్డనని చెప్పి, ఇంకేం కావాలన్నట్టు చూసేది. మంచి జరిగిన ఏడు ఒక్కటీ ఎవరికీ గుర్తుండేది కాదు, అదేం ఖర్మో!

ఒక చలికాలం మా చెరుకు గానుగ దగ్గర బెల్లం వండే పెద్ద పెనంలో పాకం పొంగుతుంటే నాయన చెరుకు ముక్కలు అందులో ముంచి, నాకూ చెల్లెలు వల్లికీ ఇచ్చాడు. పొగకు కళ్లు నులుముకుంటూ, ఊదుకుంటూ, వేళ్లు నాకుతూ తిన్నాం. చేతులు జిగటగా ఉన్నాయని వల్లి కడుక్కోవడానికి బావి మెట్లు దిగింది. మళ్లీ ఎక్కి రాలేదు.

కొన్నేళ్లకు పక్కింటి మునెమ్మత్త మా అరుగు మీద కూర్చుని ఎవరితోనో అంటోంది: "మా పెద్దోడా? వల్లి బాయిలో పడిన ఏడు పుట్టినాడు గదా."

అమ్మ చేతిలో చేట విసిరికొట్టింది. "నా బిడ్డ సావు మీకు పంచాంగమైపాయనా? ఇంగో గురుతు దొరకలేదా?"

మునెమ్మత్త బిత్తరపోయింది. పాపం, ఆమెకు వేరే గుర్తు నిజంగానే లేదు. ఊరు కూడా అలా అనడం మానలేదు. పాడికి ఎనుము కొన్నదీ, ఇల్లు కప్పిందీ, అన్నీ వల్లి పోయిన ఏడే. ఆ మాట చెవినబడితే అమ్మ లోపలికెళ్లి తలుపేసుకునేది.

ఇప్పుడు గానుగ లేదు, బావి పూడ్చేశారు, మునెమ్మత్తా పోయింది. ఒకప్పుడు ఏ మాటకు అమ్మ కస్సుమందో, ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఇప్పుడు తనే ఎదురుచూస్తోంది; ఊళ్లో వల్లి పేరు పలికించేది అదొక్కటే. మొన్న మునెమ్మత్త పెద్దకొడుకు చెంగల్రాయుడు గృహప్రవేశానికి పిలవడానికి వస్తే, కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వెప్పుడు పుట్టినావురా అబ్బోడా?"

అతను ఆధార్ కార్డులో తేదీ గడగడా చెప్పాడు.

"అది కాదురా. మీయమ్మ ఏమని చెప్తా ఉన్నింది?"

"ఏమోత్తా, నాకు గ్యాపకం లేదు."

అమ్మ కాసేపు అతని నోటివంకే చూసింది. తర్వాత ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.