రేవులో మొండికేసిన కారు తాళం

మొన్న గురువారం సఖినేటిపల్లి రేవులో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, వినండి. పట్టపగలు, గోదారి ఒడ్డున, ఓ పాతికమంది చూస్తుండగా, డెబ్భై రెండేళ్ళదాన్ని కారు తాళం గడ్డం కింద పెట్టుకుని నిలబడ్డాను! ఎందుకలా నిలబడ్డానన్నది కాస్త ఆగితే మీకే తెలుస్తుంది. పోయిన పరువుని ముప్పావుగంటలో బాగుచేసి మళ్ళీ నా చేతికిచ్చిన మనిషి ఒకావిడ ఉంది. అసలు ఆవిడ గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టేను.

మాది రాజోలు దగ్గర పల్లె. మా అబ్బాయి రాంబాబుది కొబ్బరికాయల వ్యాపారం. కోడలు సుజాత హైస్కూల్లో లెక్కల టీచరు. కారు నడిపేది తనే. ఇంట్లో నా ఉద్యోగం తాళాలు. వీధి తలుపు తాళం, కొట్టుగది తాళం, బీరువా తాళం, ఏడాదిన్నరగా కారు తాళం. సుజాత స్కూలు నుంచి రాగానే దాన్ని నా చేతిలో పెడుతుంది. ఏడింటికి నేను వరండాలో నిలబడి బటన్ నొక్కుతాను. కారు రెండుసార్లు లైట్లు ఆర్పి వెలిగించి, లాక్ అవుతుంది. తాళాన్ని గుమ్మం పక్కన మేకుకి తగిలించి లోపలికి వస్తాను. రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే పని అదే. ఇంత చిన్న ముక్క నొక్కితే అంత పెద్ద కారు జవాబు చెబుతుంది కదా!

రెండు నెలల కిందట ఓ పొద్దున్న సుజాత వెళ్ళి చూస్తే కారు లాక్ లేదు.

"అత్తయ్యగారూ, రాత్రి లాక్ చేసేరాండి?"

"చేసేనమ్మా!"

"ఆయ్. సరేనండి."

అంతే అంది. వారం తిరిగేసరికి మళ్ళీ అదే. ఆ పై వారం మళ్ళీ. మూడోసారి ఆ పిల్ల ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

ఎందుకు భయమంటే, మా పెద్దక్క చివరి ఏడాది ఎవరినీ పోల్చుకోలేకపోయింది. చూడ్డానికి వెళితే, "రండి, కూర్చోండి. తమరెవరండీ?" అంది. సొంత చెల్లెల్ని! ఎంత మర్యాదగా అడిగిందో! 

అందుకే నాలుగేళ్ళ నుంచి రూళ్ళ పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. నేను బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. మిగతా చదువంతా మా మావగారింట్లో అటకెక్కిన పాత పత్రికల్లోనూ, మందుసీసాలతో వచ్చే కాగితాల్లోనూ సొంతంగా చదువుకున్నాను. చదవడం వచ్చేక రాయడం ఎంతసేపు! పొద్దుట బీపీ మాత్ర వేసుకున్నాను, పాలబ్బాయికి రేపు లీటరు ఎక్కువ చెప్పేను, శుక్రవారం పనులు పూర్తయ్యేయి, ఇలా ఏ రోజుది ఆ రోజు తారీకు వేసి రాస్తాను. మొదటి పేజీలో నా పేరు, రాంబాబు ఫోన్ నంబరు రాసి, "ఈ పుస్తకం దొరికినవారు దయచేసి ఫోన్ చెయ్యగలరు" అని కూడా రాసేను. అది చూసి సుజాత ఒకటే నవ్వు.

"ఇల్లు కదలని పుస్తకానికి అడ్రసెందుకండి అత్తయ్యగారూ!"

కారు గొడవ మొదలయ్యేక ఆ పుస్తకంలో ఇంకో వాక్యం చేరింది. "ఏడింటికి కారు లాక్ చేసేను. లైట్లు రెండుసార్లు వెలిగేయి. కళ్ళారా చూసేను." పొద్దున్న లేచి చూస్తే కారు తెరిచి ఉంది! అదీ తారీకు వేసి రాసేను. లాక్ చేసి రాసేనా, రాసేసి లాక్ చెయ్యడం మర్చిపోయేనా? పుస్తకాన్ని నమ్మాలా, కారుని నమ్మాలా? నన్ను నేను నమ్మడం అప్పటికే మానేసేను.

అయినా ఊరుకోలేదు. కారుతో ఇచ్చిన పుస్తకం తీసేను. అదంతా ఇంగ్లీషు. అక్షరాలు కూడబలుక్కుంటూ, సుజాత డిక్షనరీ పక్కన పెట్టుకుని, నాలుగు రోజుల్లో ఒక పేజీ చదివేను. తాళం సరిగ్గా పనిచెయ్యకపోతే ముందు బ్యాటరీ మార్చమని ఉంది. రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ తెప్పించి, పావలా కాసుతో తాళం డొక్క విప్పి, నేనే మార్చేను. గర్వంగా ఆ సంగతీ తారీకు వేసి రాసుకున్నాను. మార్చిన రెండో రోజే కారు మళ్ళీ తెరిచి ఉంది.

బుధవారం భోజనాల దగ్గర రాంబాబు మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఎల్లుండి నుంచి కారు తాళం సుజాత దగ్గర ఉంటుందిలే. నీకెందుకు శ్రమ? ఓసారి కాకినాడ వెళ్ళి డాక్టరుగారికి చూపించుకుని వద్దాం."

శ్రమట! బటన్ నొక్కడం శ్రమా? ఇవాళ కారు తాళం, రేపు బీరువా తాళం, ఆ తర్వాత "తమరెవరండీ?" సరేనన్నాను. పుస్తకంలో మాత్రం "శుక్రవారం తాళం ఇచ్చెయ్యాలి" అని రాసుకుని పడుకున్నాను.

గురువారం నర్సాపురంలో సుజాత చెల్లెలికి సీమంతం. సుజాత సెలవు పెట్టింది. చలిమిడి, గాజులు, చీర, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు అన్నీ కార్లో సర్దుకుని, నా పుస్తకం నా సంచీలో పెట్టుకుని రేవుకి వచ్చేం. పంటు అవతలి ఒడ్డున ఉంది. పంటంటే కార్లనీ బళ్ళనీ గోదారి దాటించే పెద్ద పడవలెండి. అది వచ్చేలోపు టీ తాగుదామని దిగేం.

"లాక్ చెయ్యండి అత్తయ్యగారూ" అంది సుజాత. ఆఖరి రోజు కదా, నా ముచ్చట తీర్చాలని కాబోలు!

నొక్కేను. కారు నీరసంగా కన్నుకొట్టి లాక్ అయింది.

టీ తాగేం. పంటు వచ్చింది. వరసలో ముందున్నది మేమే. బటన్ నొక్కేను. ఉలుకు లేదు. మళ్ళీ నొక్కేను. పలుకు లేదు. వెనక కొబ్బరికాయల వ్యాన్ హారన్ మొదలెట్టింది. దాని వెనక ఆటో. ఆటో వెనక ఇంకేదో.

ఇక చూడండి సలహాలు!

"అరిచేతిలో కొట్టండమ్మా, మా టీవీ రిమోట్ అలాగే పనిచేస్తదండి!"

"ఎండలో పెట్టండి!"

"ముందు నోటితో ఊదండి, దుమ్ముంటదండి!"

కొట్టేను. ఎండలో పెట్టేను. ఊదేను కూడా. అప్పుడు వ్యాన్ డ్రైవరు దిగి వచ్చి, "నేను ఫోన్లో చూసేనండి. తాళాన్ని గడ్డం కింద ఆనించి నొక్కితే తల ఏంటెన్నాలా పనిచేస్తదంటండి" అన్నాడు.

ఈ మధ్య నా తల మీద నాకే నమ్మకం పోయింది. కనీసం ఏంటెన్నాకైనా పనికొస్తుందేమోనని పెట్టుకున్నాను. మెడ నిక్కించి, కళ్ళు మూసుకుని నొక్కేను. జనం ఊపిరి బిగబట్టి చూసేరు.

ఏమీ కాలేదు. తల దానికీ పనికిరాలేదు!

సుజాతకి ఓపిక పోయి తాళం నా దగ్గర తీసుకుంది. దాని లోపల మడిచి ఉండే ఇనప తాళంచెవి బయటికి లాగి, తలుపు రంధ్రంలో పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకుంది. అంతే! కారు దొంగలు పడ్డట్టు గగ్గోలు పెట్టింది. కుయ్యో కుయ్యో మని ఒకటే కూత. కుక్కలు పరిగెత్తేయి. పంటు మీద జనం లేచి నిలబడ్డారు. సుజాత భయపడి తలుపు వేసేసింది. అయినా ఆగలేదు.

అప్పుడు వచ్చింది ఆవిడ. రేవు పక్క రేకుల కొట్లోంచి, యాభై ఏళ్ళుంటాయేమో, కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, కొప్పులో పువ్వుకి బదులు చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని, అసలు తొందర లేకుండా నడిచి వచ్చింది. ఆవిడ పేరు నాగమణి అని తర్వాత తెలిసింది.

"కంగారు పడకండమ్మా. లోపల కూర్చుని, ఇంజన్ దగ్గర తాళం పెట్టి తిప్పండి. బ్యాటరీ చచ్చిపోయినా ఆ తాళంలో చిన్న చిప్పు ఉంటదండి. దాన్ని గుర్తుపడితే కారే ఊరుకుంటది."

సుజాత తిప్పింది. కారు నోరు మూసుకుంది. రేవంతా చల్లబడింది.

ఇంత గొడవా అయ్యేసరికి వెనక బళ్ళు పక్కనుంచి వెళ్ళి పంటు నింపేసేయి. మేం కారు పక్కకి తీసుకున్నాం. ఆ పంటు వెళ్ళిపోయింది. సీమంతం పదకొండున్నరకి. ఇంకో పంటు ముప్పావుగంటకి.

"ఈలోపు చూసేద్దాం రండి" అంది నాగమణి.

ఆవిడ కొట్టు నిండా టీవీ రిమోట్లు, మిక్సీలు, పడవలకి పెట్టే లైట్లు. ఇందాక అందరూ నాకు చెప్పేరు గాని, ఎవరూ నన్ను అడగలేదు. ఈవిడ తాళం ముట్టుకోకుండానే స్టూలు వేసి, "మొదట్నించీ ఏం జరిగిందో చెప్పండి అమ్మగారూ" అంది.

"నాకు మతిమరుపు. నోటితో చెబితే తప్పు పోతుంది. ఇదిగో, రాసుకున్నాను" అని సంచీలోంచి పుస్తకం తీసిచ్చేను.

ఆవిడ కళ్ళజోడు దించుకుని పేజీ పేజీ చదివింది! మధ్యమధ్యలో గోడ మీది క్యాలెండరు చూసి, పెన్సిలుతో బల్ల మీద గీతలు గీసుకుంది. తర్వాత తాళం విప్పి బ్యాటరీకి మీటరు పెట్టింది.

"పదిహేను రోజుల కిందట కొత్తది వేసేరని రాసేరు. అప్పుడే అయిపోయిందండి. రోజంతా ఎవరో బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప ఇలా అవదు."

"నేను రోజుకి ఒక్కసారే నొక్కుతానమ్మా!"

"మీరు కాదండి."

బోర్డు బయటికి తీసింది. తీసిన ప్రతి స్క్రూనీ డబ్బా మూతలో వరసగా పెట్టింది. దీపం ఉన్న భూతద్దం కిందకి జరిపి చూసింది. చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు నవ్వింది.

"అమ్మగారూ, శుక్రవారం పనులు పూర్తయ్యేయని ప్రతి వారం రాసేరు. ఆ పనులేంటండి?"

"ఏముంటాయమ్మా. గడపకి పసుపు రాస్తాను. బీరువాకి, కుట్టుమిషనుకి, గ్యాస్ పొయ్యికి బొట్టు పెడతాను. కారుకి పెడితే వానకి కారిపోతోందని..."

 సుజాత నా వైపు చూసింది.

"కారుకి బదులు?" అంది నాగమణి.

"తాళానికి పెడతాను."

"ఎక్కడ పెడతారండి?"

"ఇదిగో, ఈ రెండో బటన్ మీద. చిన్న గుంట ఉంటుంది కదా, బొట్టు పెట్టడానికే చేసినట్టు కుదిరింది."

ఆవిడ భూతద్దం నా వైపు తిప్పింది. చూసేను. బటన్ రబ్బరు కింద పసుపు, దాని మీద కుంకం, మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకం, పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి!

"ఇది తలుపులు తెరిచే బటన్ అండి. తడి పసుపు సందులోంచి దిగి, బటన్ పూర్తిగా పైకి లేవకుండా చేసింది. మీరు లాక్ చేస్తున్నారు, లాక్ అవుతోంది. మేకుకి తగిలించేక ఇది తనంతట తనే అంటుకుని తెరిచేస్తోంది. మీరు రాసిన తారీకులు క్యాలెండర్లో చూసేను. కారు తెరిచి కనబడ్డవి మొదట్లో అన్నీ శనివారాలేనండి. ముందు రోజు బొట్టు తడి కదా! ఈమధ్య గట్టిపడిపోయి మిగతా రోజులు కూడా మొదలెట్టింది."

రెండు నెలలు ఆ పుస్తకం నేనే రాసేను, నేనే రోజూ చదివేను. ఒక్క శనివారం కూడా నా కంటికి ఆనలేదు. ఆవిడ పది నిమిషాల్లో పట్టుకుంది! ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఈ విద్య అని అడిగేను.

"ఎవరు నేర్పుతారండి. మా ఇంట్లో టీవీ పాడైతే విప్పేను. మళ్ళీ బిగించడానికి ఆర్నెల్లు పట్టింది. అలా వచ్చేసింది."

మాట్లాడుతూనే ఘాటు వాసనేసే మందులో చిన్న కుంచె ముంచి బోర్డు తుడిచింది. రబ్బరు కడిగి ఆరబెట్టింది. పొరలన్నీ గుండుసూదితో ఊడదీసింది, పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా. కొత్త బ్యాటరీ వేసి, మూతలోని స్క్రూలు తీసిన వరసలోనే బిగించి, నా చేతికిచ్చింది.

"మీరే నొక్కండి."

నొక్కేను. దూరంగా రేవు పక్కన కారు రెండుసార్లు కళ్ళు ఆర్పింది. నేనూ ఆర్పేను. నావి తడిగా ఉన్నాయి.

"మీ మతికేం ఢోకా లేదండి" అంది నాగమణి. "మీరు రాసింది రాసినట్టే జరిగింది. ఆ పొరలు చూసేరుగా, ఏడాదిన్నరలో ఒక్క శుక్రవారం మర్చిపోలేదు!"

సుజాత నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యగారూ, నేనూ అనుమానపడ్డానండి" అంది. "నాకే అనుమానం వచ్చినప్పుడు నీకు రావడంలో తప్పేముందే" అన్నాను.

నాగమణి తాళానికి పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ తొడుగు తొడిగింది. "ఇక బొట్టు దీని మీద పెట్టుకోండి. అమ్మవారు ఏమీ అనుకోదు, బటన్ కూడా అనుకోదు" అంది. ఆవిడ అడిగింది ఇచ్చి, పూతరేకులు నాలుగు బల్ల మీద పెట్టి, పంటు కూత వినబడి పరుగెత్తేం. సీమంతం అందుకున్నాం.

సాయంత్రం ఇంటికి రాగానే సుజాత మొత్తం కథ రాంబాబుకి చెప్పింది, ఆ కళ్ళజోడు, ఆ కొప్పులో స్క్రూడ్రైవరుతో సహా.  వాడు తాళం తీసుకెళ్ళి, తనే నా మేకుకి తగిలించేడు.

"కాకినాడ వద్దులే అమ్మా. నీ తాళం నీ దగ్గరే ఉండనీ."

నాకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది. "ఉండు, నీకు శనివారాలు చూపిస్తాను! ఇవాళ్టి పేజీలో కూడా రాయాలి, నాకు మతిమరుపు లేదని!" అని సంచీ తెరిచేను. పుస్తకం లేదు. సంచీ బోర్లించేను. కార్లో వెతికేను. సీటు కింద వెతికేను. లేదు.

అప్పుడే రాంబాబు ఫోన్ మోగింది. వాడు విని, నవ్వు ఆపుకుంటూ ఫోన్ నా చెవి దగ్గర పెట్టేడు.

"అమ్మగారూ, నాగమణినండి, రేవు దగ్గర్నించి. మర్చిపోకుండా రాసుకునే పుస్తకం మా బల్ల మీద మర్చిపోయేరండి. మొదటి పేజీలో నంబరు చూసి చేసేను." గొంతు తగ్గించి అంది. "మీరేం కంగారు పడకండి. నేనెవరికీ చెప్పనులెండి."

ఆవిడ మాట మీద నిలబడింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనే ఇలా కనబడ్డవాళ్ళందరికీ చెప్పేస్తున్నాను, మర్చిపోకముందే!